తాండూరు సౌండ్‌బారుకు నేనిచ్చిన తీర్పు

నా యాభై ఏళ్ల బతుకులో కల్తీ లేని నిజం ఒక్కసారే చెప్పాను. దాని పుణ్యమా అని ఇప్పటికీ మా బావ ముఖంలోకి సూటిగా చూడలేకపోతున్నాను.

మామూలుగా నేను ఏ విషయాన్నీ ఉన్న సైజులో వదిలిపెట్టే మనిషిని కాను. మా వంటింట్లో కనిపించిన బొద్దింక, నేను చెప్పుకుంటూ వీధి చివరికి పోయేసరికి ఉడుమంత అవుతుంది. నాకు జలుబు చేస్తే ఆఫీసులో సగం మంది నన్ను చూడటానికి పండ్లు పట్టుకుని బయలుదేరతారు. వికారాబాదులో నేను చేసేది ఈ బల్ల మీది ఫైలును ఆ బల్ల మీద పెట్టే ఉద్యోగం. బంధువుల్లో మాత్రం జిల్లా మొత్తం నా సంతకం మీదే నడుస్తున్నట్టు ఒక అభిప్రాయం ఉంది. దాన్ని ఖండించే తీరిక నాకు దొరకలేదు.

సౌండ్ విషయంలో నేను పెద్ద ఎక్స్‌పర్ట్‌నన్న పేరు కూడా అలా వచ్చిందే. చాలా ఏళ్ల కింద ఒక హోమ్ థియేటర్ కొన్నాను. ఐదు స్పీకర్లు, బియ్యం డ్రమ్మంత వూఫరు, ఇల్లంతా పాకే తీగలు. ఆ వూఫరు మోగిస్తే జంక్షన్లో ఆగి ఉన్న గూడ్సు బండి నాలుగు అడుగులు వెనక్కి జరిగిందని నేనే చెప్పాను. అప్పటినుంచి మా వాళ్లలో ఎవరు టీవీ కొన్నా, స్పీకరు కొన్నా, చివరికి కాలింగ్ బెల్ కొన్నా నన్ను పిలుస్తారు. నేను వెళ్లి, కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి విని, "ఊఁ... హైస్ కొంచెం తక్కువున్నాయి" అంటాను. హైస్ అంటే ఏమిటో నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే నాకూ తెలుసుకునే అవకాశం వచ్చేది.

మా అక్క తాండూరు నుంచి ఫోన్ చేసింది కూడా ఆ పేరు చూసే.

"తమ్మీ, మీ బావ టీవీ కిందికి సౌండ్ డబ్బ తెప్పించిండు. నువ్వొచ్చి చూసి మంచిగున్నదంటె ఉంచుకుంటడంట. లేకుంటే వాపస్. గడువు ఇంక రెండు దినాలే ఉన్నది."

"ఎంత పెద్దదక్కా?"

"ఏం పెద్దదిరా, జానెడు ఎత్తు గూడ లేదు. చపాతీ కర్రకు అన్న లెక్కున్నది."

"అంత చిన్నదానికి నేనెందుకే! అక్కడికక్కడ వాపస్ ఇచ్చెయ్యుండ్రి."

అక్క గొంతు తగ్గించింది. "అట్ల గాదు. నువ్వు రా. ఒక్కనివే రా. నీతోటి జర మాట్లాడేదున్నది."

ఒక్కనివే రా. రెండే మాటలు. వాటిని చెవిలో వేసుకుని ఉంటే ఈ కథ రాసే అవసరం ఉండేది కాదు.

మా బావ పనేమిటో ఇక్కడ చెప్పాలి. తాండూరు అంటే బండ. అక్కడ ఇళ్లలో కింద పరిచేది బండ, అలమరలో అర బండ, పొయ్యి దిమ్మె బండ, వీధి అరుగు బండ. బావ పాతికేళ్లుగా ఒకే పాలిషింగ్ యూనిట్‌లో బండ చూస్తాడు. చూస్తాడనడం మాట వరసకే. నిజానికి ఆయన వింటాడు. క్వారీ నుంచి దిగిన ప్రతి బండనూ కోతకు పంపేముందు చిన్న సుత్తితో తట్టాలి. బండ మంచిదైతే ఖణేల్మంటుంది. లోపల కంటికి కనపడని నెర్రె ఉంటే దబ్‌మంటుంది. ఆ నెర్రె బండ అలాగే పోయిందంటే, కోతలోనో లారీలోనో లేదా ఎవరింట్లోనో పరిచాకనో రెండు ముక్కలవుతుంది. మా బావ తట్టి "పోనీ" అంటే పోవాలి, "పక్కకు పెట్టు" అంటే పక్కకు పెట్టాలి. యజమాని అయినా సరే మారు మాట్లాడడు.

ఆ చెవి ఆయనకు యాలాల్ దగ్గర వాళ్ల నాయన గొర్లమందలోనే వచ్చింది. చిన్నప్పుడు మంద అర మైలు దూరంలో ఉన్నా, మెడగంట చప్పుడు విని ఏ గొర్రె కుంటుతోందో చెప్పేవాడట. ఇది నేను పెంచింది కాదు, వాళ్ల నాయనే చెప్పాడు. నేను పెంచినది ఇంకొకటి ఉంది: పెళ్లిళ్లలో, చావుల్లో, ఎక్కడ నలుగురు కూడినా "మా బావ చెవి హైకోర్టు. అక్కడ తీర్పయితే ఇంక అప్పీలు లేదు" అంటుండేవాణ్ని. ఆయన సిగ్గుపడి తల దించుకునేవాడు. ఆయనకున్న గర్వమంతా, గౌరవమంతా, ఆ యార్డులో ఆయనకున్న కుర్చీ కూడా ఆ చెవి మీదే నిలబడి ఉన్నాయి. పాతికేళ్లు కోత మిషన్ల పక్కన నిలబడ్డ చెవి అది. ఈ రెండు సంగతులూ నాకు విడివిడిగా తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే తెలివి మాత్రం నాకు లేకపోయింది.

ఆదివారం పొద్దున ప్యాసింజరెక్కి తాండూరులో దిగాను. జేబులో నా పరీక్ష సరంజామా: పాటలున్న ఫోను, రెండు రకాల తీగలు, కొలిచే టేపు. టేపు ఎందుకని అడగొద్దు. ఎక్స్‌పర్ట్ చేతిలో టేపు ఉంటే చూసేవాళ్లకు ఒక ధైర్యం.

స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే మా బావ యూనిట్ యజమాని కనిపించాడు. అందరూ సేటు అంటారు. మేనకోడలి పెళ్లిలో పరిచయం. మర్యాదస్తుడు, తక్కువ మాట్లాడేవాడు.

"ఏం సారూ, గిట్ల ఒచ్చిన్రు?"

ఇంకేం. జరిగిందంతా చెప్పాను, జరగబోయేది కూడా కలిపి. నేను ఎలా పరీక్షిస్తానో, ఎన్ని దశలుంటాయో, హైదరాబాదులో పెద్ద షాపులవాళ్లు సైతం నన్ను ఎలా పిలిపిస్తారో. ఆ షాపుల్లోకి నేను వానకు తలదాచుకోవడానికి తప్ప వెళ్లలేదు.

"మా ఇంట్ల గూడ గసొంటిదే తీసుకుందమని చూస్తున్న సారూ. టీవీల మాటలు ఏమంటున్నరో తెలుస్తలేవని ఇంట్ల ఒకటే లొల్లి."

"అయితే నాతోనే రండి సేటూ! ఒకే పరీక్ష, రెండిళ్లకు పనికొస్తుంది."

సేటు కారులోనే మా అక్క ఇంటిముందు దిగాను. ఊరేగింపు మీద వచ్చిన పెళ్లికొడుకు లెక్క దిగాను. అక్క గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నా వెనక దిగుతున్న మనిషిని చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నేనది కూడా చూశాను. చూసి, కుర్చీలు తక్కువున్నాయేమో అనుకున్నాను.

బావ మంచం మీంచి లేచి "రా సేటు, రా బామ్మర్ది" అని పిలిచాడు. గోడకు టీవీ, దాని కింద బండ అర, అర మీద ఆ సౌండ్‌బారు. నల్లగా, సన్నగా, మూరకంటే కొంచెం ఎక్కువ పొడవు. ముందర జాలి గుడ్డ, పైన నాలుగు మీటలు, వెనక టీవీకి పోయే తీగ ఒకటే, కరెంటు తీగ ఇంకొకటి. విడిగా వూఫరు లేదు, వెనక స్పీకర్లు లేవు. రిమోటు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. నా హోమ్ థియేటర్‌లోని ఒక్క స్పీకరు దీన్ని మింగి త్రేన్చగలదు.

నేను టేపు తీసి పొడవు కొలిచాను. ఎత్తు కొలిచాను. గోడకు ఎంత దూరంలో ఉందో కొలిచాను. ఒక్క అంకె కూడా నాకు దేనికీ పనికిరాదు. అయినా ప్రతిసారీ "ఊఁ" అన్నాను. సేటు కూడా నాతోపాటు "ఊఁ" అన్నాడు. తర్వాత నా ఫోన్లోని డప్పుల పాట పెట్టాను. డబ్బా పాపం, తన ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మోగింది. అర మీది గ్లాసు కదిలింది. గోడ కదల్లేదు. గూడ్సు బండి సంగతి సరేసరి.

"బేస్ లేదు" అని ప్రకటించాను.

"నాకు డాన్సులొద్దు బామ్మర్ది" అన్నాడు బావ. "వార్తలు ఇనబడాలె, మీ అక్క సీరియల్ ఇనబడాలె. టీవీల స్పీకర్ ఖరాబైంది, మాట ముద్ద ముద్దగొస్తున్నది."

"అట్లయితే మాటల పరీక్ష పెడదాం బావా" అన్నాను.

పెట్టాను. ఆ పరీక్ష అప్పటికప్పుడు పుట్టింది, నా పాడు బుర్రలోంచే. వార్తల చానెల్ పెట్టి, సౌండ్ ఎనిమిది మీద ఉంచి, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క మెల్లగా వినిపించి, చప్పున ఆపేసి, "ఏమన్నాడు?" అని అడగడం. కళ్లు చెవులకు కాపీ అందించకూడదని దండెం మీది తువ్వాల తెచ్చి టీవీకి కప్పాను. సేటు నవ్వాడు. అక్క నవ్వలేదు.

"ఎందుకురా ఇవన్నీ, పాట మంచిగనే ఒచ్చింది గదా" అంది. "చాయ్ పెడుత కూసోండ్రి. డబ్బ ముచ్చట అయిపోయింది."

"అప్పుడేనా! అసలు ఘట్టం ఇప్పుడే."

మొదట సేటును అడిగాను. సరిగ్గా చెప్పాడు. తర్వాత అక్క, సరిగ్గానే. తర్వాత బావ. బావ ఒక క్షణం ఆగి, నా భుజం మీదుగా ఎటో చూసి, సరిగ్గా చెప్పాడు. రెండో విడత కూడా అంతే. ఒక క్షణం ఆగడం, నా భుజం మీదుగా చూడటం, సరైన జవాబు. నాకు అనుమానం వచ్చి వెనక్కి తిరిగాను. అక్క సేటు కుర్చీ వెనక నిలబడి ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, ఒక్కొక్క మాటా విడదీసి, చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పినట్టు.

అంతకంటే స్పష్టంగా ఎవరూ నాకు ఏదీ చెప్పలేదు. ఒక ఆడమనిషి తన మొగుడి పరువును పెదాల మీద పెట్టుకుని మోస్తోంది. ఎన్నాళ్ల నుంచి మోస్తోందో. ఆ పెదాలు కదిలే తీరు చూస్తే ఆ ఉదయం నేర్చుకున్న విద్య కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నాకు మాత్రం అందులో ఒక జోకు కనిపించింది. నలభై ఏళ్లుగా ప్రతిదానిలో జోకు వెతికిన కళ్లకు ఇంకేం కనిపిస్తుంది.

"ఓహో! అక్కా, పరీక్ష హాల్లో కాపీ అందిస్తున్నావా? బావా, పట్టుబడ్డావ్! స్క్వాడ్ వచ్చింది!" అని చప్పట్లు కొట్టాను. "అక్క గోడ దిక్కు తిరగాలె. ఇప్పుడు నీకొక్కనికే ప్రశ్న."

సేటు గట్టిగా నవ్వాడు. బావ కూడా నవ్వాడు, ఆలస్యంగా, సేటు నవ్వు చూసి. అక్క గోడ వైపు తిరగలేదు. నా వైపే చూసింది. "తమ్మీ, చాలు" అంది. ఆ మాటను కూడా నేను ఆటలో భాగమనే అనుకున్నాను. ఆమె భుజాలు పట్టి నేనే తిప్పాను. తిప్పిన చేతులు ఇవే.

తువ్వాల వెనక వార్తలు చదివే ఆవిడ రేపటి వాన సంగతి చెప్పింది. ఆపేశాను.

"చెప్పు బావా."

"మంచిగనే చెప్పింది."

"ఏమని?"

"గదే... రోజు చెప్పేదే గదా."

"గదే అంటే? సరే, ఇంకోసారి." ఇంకొక ముక్క వినిపించాను. కందుల కొనుగోలు గురించి. తాండూరులో కందులంటే నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బావ సౌండ్‌బారు వైపు వంగాడు. చెయ్యి చెవి దాకా లేచి, సేటు ఉన్న సంగతి గుర్తొచ్చి, మీసం దగ్గర ఆగిపోయింది. మీసం సర్దుకున్నాడు. మూడోసారి పెట్టాను. నాలుగోసారి కూడా పెట్టాను. గదిలో నా నవ్వు ఒక్కటే మిగిలిందని నాకు తెలిసేసరికి బావ నుదురంతా చెమట.

ఆయన నన్ను చూశాడు. నెమ్మదిగా, ప్రతి మాటా నాకు అందేటట్టు అన్నాడు: "గీ డబ్బ మంచిగ లేదు బామ్మర్ది. మాట బయటికే వస్తలేదు. వాపస్ పంపుదం."

అప్పుడు అర్థమైంది. మొత్తం ఒకేసారి అర్థమైంది: అక్క ఒక్కనివే రా అనడం, గుమ్మంలో ఆగిన నవ్వు, పెదాలు. నేను పరీక్షిస్తున్నది డబ్బాను కాదు. బావ నన్ను వేడుకుంటున్నాడు. నేను అనాల్సింది ఒక్క మాట: "అవును బావా, ఇది చెత్త డబ్బా." రోజుకు నలభై అబద్ధాలు అలవోకగా ఆడే నోరు నాది. ఆ నోటికి అది నలభై ఒకటోది. ఖర్చు లేదు, పన్ను లేదు.

కానీ సేటు నావైపు తిరిగి అడిగాడు: "ఏం సారూ, నిజంగనే ఖరాబున్నదా? మీరైతే చెప్తరు గదా."

మీరైతే చెప్తరు గదా. ఈ మాట నా తలకెక్కింది. మంచి డబ్బాను చెడ్డదని చెబితే, అదే డబ్బా రేపు సేటు వేరేచోట విని "ఆ ఎక్స్‌పర్ట్‌కు ఏం తెల్వదు" అంటాడేమో అని భయం వేసింది. వేసిన భయం ఎంతసేపు? రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో నేను మా బావను, నా పేరును తక్కెడలో పెట్టి నా పేరే బరువని తేల్చుకున్నాను.

"లేదు సేటూ, డబ్బా ఫస్ట్ క్లాస్" అన్నాను. అని ఊరుకున్నానా? ఊరుకుంటే నేనెలా అవుతాను. "బేస్ తక్కువే, ఒప్పుకుంటా. పాటలకు, పండగలకు ఇది పనికిరాదు. కానీ మాట చూడండి, అద్దంలా ఉంది. రిమోట్లో ఈ మీట నొక్కితే వెనక మ్యూజిక్ తగ్గి మనిషి గొంతు ముందుకొస్తుంది. టీవీకి ఒకటే తీగ, అర మీద ఇట్టే సరిపోయింది. చిన్న గదికి, వార్తలకు, సీరియళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఎనిమిది మీద పెడితేనే ప్రతి మాటా విడివిడిగా..."

ప్రతి అక్షరం నిజం. ఎంత ఉందో అంతే చెప్పాను, చిటికెడు కూడా కలపలేదు. నా జీవితంలో నేను ఒక వస్తువు గురించి ఇచ్చిన ఒకే ఒక నిజాయితీ తీర్పు అదే. అది సౌండ్‌బారు గురించి ఇచ్చినట్టు సేటు వినలేదు. సేటు అప్పటికే సౌండ్‌బారును వదిలి బావను చూస్తున్నాడు.

ఆయన లేచి, నీళ్లు తాగడానికన్నట్టు బావ వెనక్కి నడిచాడు. అక్కడ నిలబడి, మామూలు గొంతుతో, మామూలు మాటే అన్నాడు. "మేస్త్రీ, కొత్త లోడు ఎప్పుడు దిగిందన్నవ్?"

బావ రిమోటును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. తల తిప్పలేదు.

వంటింటి గుమ్మంలో అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సేటు నెమ్మదిగా ముందుకు వచ్చి బావ ఎదురుగా నిలబడ్డాడు. "మేస్త్రీ, జర యార్డు దాక పోయొద్దమా? పోయిన నెల రెండు బండలు నెర్రెతోటి పోయినయని ఫోనొచ్చింది. నేను లోడింగోళ్లను తిట్టిన." ఆ మాటల్లో కోపం లేదు. కోపం ఉంటే బావుండేది.

బావ నా వైపు చూడకుండా చెప్పులు వేసుకున్నాడు.

ఆదివారం కాబట్టి యార్డులో మిషన్లు ఆగి ఉన్నాయి. మిగతా రోజుల్లో ఆ కోత మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. బండ పలికేది వినగల చెవి బావదొక్కటేనని అందరూ నమ్మారు. కాబట్టి ఇన్నేళ్లూ ఆయన తీర్పును సరిచూసే అవకాశం ఎవరికీ రాలేదు. ఆ రోజు పిచ్చుక అరిచినా వినపడేంత నిశ్శబ్దం. సేటు కొత్త లోడులోంచి వరసగా ఆనించిన పది బండలు చూపించాడు.

బావ సుత్తి తీసుకున్నాడు. ముందు నేను చూసినప్పుడు, ఏళ్ల కింద, ఆయన తట్టి తల పక్కకు వంచేవాడు. దాన్నే నేను దొంగిలించి స్పీకర్ల ముందు వంచుతున్నాను. ఇప్పుడు తల వంచలేదు. ఎడమ అరచెయ్యి బండ మీద పరిచి, కుడి చేత్తో తట్టాడు. బండ వణుకును అరచేతితో వింటున్నాడు. ఎవరూ నేర్పని విద్య, ఎవరికీ చెప్పుకోలేక తనకు తాను నేర్చుకున్న విద్య. మొదటిది ఖణేల్మంది. "పోనీ" అన్నాడు. రెండోది, పోనీ. మూడోది దబ్‌మంది. అరచెయ్యి అక్కడే ఉంచి, "ఇది పక్కకు" అని సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాడు. సేటు తల ఊపాడు. నాలుగు, ఐదు, ఆరు తప్పు లేదు. నాకు ఊపిరి వచ్చింది. చెయ్యి చెవికంటే ఏం తక్కువ అని లోపల ఒక ఉపన్యాసం కూడా తయారు చేసుకుంటున్నాను.

ఏడో బండ తట్టాడు. అది దబ్‌మనలేదు, ఖణేల్మనలేదు. రెంటికీ మధ్య, చివర ఎక్కడో చిన్న బొంగురు. నా మొద్దు చెవికే తెలిసింది. బావ అరచెయ్యి కొంచెం పక్కకు జరిపి మళ్లీ తట్టాడు. మళ్లీ బొంగురు.

"పోనీ" అన్నాడు బావ.

సేటు నా వైపు తిరిగాడు. "మీరేమంటరు సారూ?"

ఇప్పుడు తడబడలేదు. "ఖణేల్మంది సేటూ. గుడిగంటలా ఉంది. హైకోర్టు తీర్పు, అప్పీలు లేదు" అన్నాను. ఉదయం మింగిన అబద్ధాన్ని సాయంత్రం లోపలే కక్కేశాను, నవ్వు కూడా జోడించి.

బావ నన్నే చూస్తున్నాడు. చెవి పని ముఖాల మీద నడుపుకుంటున్న మనిషి. ఎన్నేళ్లుగా ఎదుటివాళ్ల పెదాలు, కళ్లు, కనుబొమలు చదివి బతుకుతున్నాడో. ఆయన ముందు నా నవ్వు ఎంతసేపు నిలబడుతుంది.

"నోరు ఖణేల్ అంటున్నది బామ్మర్ది" అన్నాడు. "మొకం అంటలేదు."

సుద్ద తీసుకుని ఆ ఏడో బండ మీద తనే ఇంటూ గుర్తు పెట్టాడు. మిగిలిన మూడూ తట్టలేదు. సుత్తి పిడిని లుంగీ అంచుతో తుడిచి సేటుకు అందించాడు.

సేటు తీసుకోలేదు. బావ ఎదురుగా వచ్చి, ఒక్కొక్క మాటే అన్నాడు: "గిట్లెందుకు మేస్త్రీ. ఇంగో మనిషిని పక్కకు పెడుత. నువ్వు చెయ్యి పెట్టు, ఆయన ఇంటడు."

"ఒక బండను ఇద్దరు చూసుడేంది సేటు, పెండ్లిసూపులా?" అన్నాడు బావ. మా బావ జోకు వేయడం నేను వినడం అదే మొదటిసారి. సేటు నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. వృత్తి ధర్మం ప్రకారం రావాలి. రాలేదు. బావ సుత్తిని ఆ ఏడో బండ మీద పెట్టి బయటికి నడిచాడు.

తర్వాత జరిగింది చెబుతాను. బావ ఇప్పుడు అదే యార్డులో గేటు దగ్గర లోడు ఎక్కించేది చూస్తున్నాడు. సేటు జీతం తగ్గించలేదు, పిలుపు కూడా మార్చలేదు, మేస్త్రీ అనే అంటాడు. అక్క ఆయనను వికారాబాదు తీసుకొచ్చి చెవుల డాక్టరుకు చూపించింది. ఆస్పత్రికి తోడు వస్తానంటే "నువ్వొద్దు తమ్మీ, నువ్వొస్తే నలుగురైతరు" అంది. తిట్టలేదు. మెత్తగానే అంది. ఆ మెత్తదనం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. చెవి మిషన్ వచ్చింది. బావ ఇంట్లో పెట్టుకుంటాడు, యార్డులో తీసేస్తాడు. సౌండ్‌బారు వాపస్ పంపలేదు. గడువు దాటిపోయింది, దాని గురించి ఎవరికీ ఆలోచన రాలేదు.

ఆ రోజు యార్డు నుంచి స్టేషనుకు బావే నన్ను బైకు మీద దింపాడు. నేను వద్దన్నా వినలేదు, లేదా వినపడలేదు. ఏదో అడిగి తేల్చుకునే ధైర్యం నాకు లేదు. దారి పొడుగునా ఆయన వీపు నా ముఖం ముందరే ఉంది. చొక్కా మీద తెల్లటి బండ దుమ్ము. "నన్ను క్షమించు బావా" అన్నాను ఆ వీపుతో. బైకు చప్పుడులో, గాలిలో, వెనక నుంచి. ఆయనకు వినపడదని నాకు తెలుసు. తెలిసే అప్పుడు అన్నాను. రైలు గేటు పడి బండి ఆగినప్పుడు ఆయన తల తిప్పి "ఏమన్న అన్నవా?" అని అడిగాడు. నా ముఖం చూశాడు.

"ఏం లేదు బావా. ఎండ ఎక్కువుంది అంటున్నా."

ఆయన నా ముఖాన్ని ఇంకొంచెంసేపు చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు.

ఆ తర్వాత నాలుగుసార్లు తాండూరు వెళ్లాను. ప్రతిసారీ ఇవాళ ఎదురుగా కూర్చుని చెప్పెయ్యాలని రైల్లో మాటలు కూర్చుకుంటాను. జొన్నరొట్టె, కందిపప్పు తింటూ ఎదురెదురుగా కూర్చుంటాం. ఆయన నా పెదాల వైపు చూస్తూ ఎదురుచూస్తాడు. నేను, "సౌండ్‌బారు ఎట్లుంది బావా?" అని అడుగుతాను.

"మంచిగున్నది" అంటాడు.